సముద్రం లేని ఊళ్లో డైవర్ వాచీ

హుస్సేన్‌సాగర్ గరిష్ఠ లోతు 32 అడుగులు. పది మీటర్లకు తక్కువే. మూసీ సంగతి చెప్పనక్కర్లేదు. వరద రోజులు తప్పిస్తే చాదర్‌ఘాట్ వంతెన మీద నిలబడి లోతు గురించి మాట్లాడుకునేవాళ్లు ఉండరు. అయినా ఆ వంతెన దాటి, కోఠి మీదుగా అబిడ్స్‌కీ, అక్కణ్నుంచి నాంపల్లి స్టేషన్‌కీ జనం చేతులు చూస్తూ నడిస్తే 200 మీటర్లు, 300 మీటర్లు అని డయల్ మీద అచ్చేసిన వాచీలు బోలెడు కనిపిస్తాయి. కొన్ని పది లక్షలకు అటూ ఇటూ పలికే స్విస్ సరుకు. ఎక్కువ భాగం ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న నకళ్లు, వానలో తడిస్తే ఆగిపోయే రకం. అసలుకీ నకలుకీ ఒక్కచోట మాత్రం తేడా లేదు: రెండూ గత ముప్పై ఏళ్లలో లావెక్కాయి. కంపెనీ కేసు, అంటే వాచీ డొప్ప, పెంచిన కొన్నాళ్లకే ఫుట్‌పాత్ కేసు కూడా పెరుగుతుంది. ఫ్యాషన్ ఎటు పోతోందో తెలుసుకోవడానికి షోరూం కంటే ఫుట్‌పాతే నమ్మకమైన చోటు.

ఎందుకు పెరిగాయన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు సముద్రం. ఎక్కువ లోతు, ఎక్కువ ఒత్తిడి, కాబట్టి పెద్ద వాచీ. ఇది సగం నిజం. మిగతా సగం షోరూం అద్దాల వెనక ఉంది, రోజూ వాచీ పెట్టుకునే మనిషికి ఇబ్బంది తెచ్చింది ఎక్కువగా ఆ రెండో సగమే.

చాదర్‌ఘాట్ నుంచి అబిడ్స్ దాకా ఉన్న ఈ పేటకు గడియారాలతో చుట్టరికం పాతది. ఒకప్పుడు చాదర్‌ఘాట్ అంటే వంతెన పక్క బస్తీ మాత్రమే కాదు. మూసీకి ఉత్తరాన పెరిగిన కొత్త ఊరు చాలావరకు ఆ పేరు మీదే నడిచింది. 1933లో హైదరాబాద్‌లో కలిసేదాకా దానికి వేరే మునిసిపాలిటీ ఉండేది. అబిడ్స్‌కు పేరిచ్చిన ఆల్బర్ట్ ఆబిద్, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆయన దుస్తులు, బూట్లు, గడియారాలు కనిపెట్టుకున్న మనిషి. సుల్తాన్ బజార్ గడియార స్తంభం 1865 నాటిది. నది అవతలి ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలో భూతద్దం పెట్టి చూడాల్సిన చిట్టి గడియారాల నుంచి మనిషెత్తు గడియారాల దాకా ఉన్నాయి. ఆ గదుల్లో ఒక చుట్టు తిరిగితే గడియారం పరిమాణం ఎప్పుడూ అవసరాన్ని బట్టే లేదని తెలిసిపోతుంది. అతి చిన్నది చేయడం ఒక కాలంలో గొప్ప, అతి పెద్దది చేయడం ఇంకో కాలంలో గొప్ప.

చేతికి కట్టుకునే వాచీ మాత్రం మన దగ్గర చాలాకాలం ఒక్క కొలత దగ్గరే నిలబడింది. 1960ల నుంచి ఇంటింటికీ చేరిన హెచ్ఎంటీ జనతా 35 మి.మీ. చుట్టూ ఉంటుంది. పెళ్లిళ్లలో అల్లుడికి పెట్టిన ఫేవర్ లూబా కూడా దాదాపు అంతే. ఆ కంపెనీ మనకు అమ్మిన మోడళ్ల పేర్లు సీ కింగ్, సీ చీఫ్. పేరులో సముద్రం ఉంది, వాచీ మాత్రం పలచగా, చొక్కా చేతి కింద ఒదిగిపోయేది. సనత్‌నగర్‌లో ఫ్రిజ్‌లూ బస్సు బాడీలూ చేసిన హైదరాబాద్ ఆల్విన్, 1980లలో జపాన్ సీకో సహకారంతో వాచీలు కూడా తయారుచేసింది. కాలేజీ పిల్లలు మోజుపడ్డ ఆల్విన్ ట్రెండీ అక్కణ్నుంచి వచ్చిందే. అవీ చిన్నవే. ఆ తరం ఉద్యోగికి 42 మి.మీ. వాచీ చూపిస్తే ఇది చేతికా గోడకా అని అడిగి ఉండేవాడు.

మరి అసలు డైవర్ వాచీలు ఎంత ఉండేవి? ఇక్కడే సముద్రం వాదం తడబడుతుంది. 1953లో వచ్చిన తొలి రోలెక్స్ సబ్‌మెరినర్లు 37, 38 మి.మీ. మాత్రమే. 1965లో సీకో చేసిన జపాన్ తొలి డైవర్ వాచీ కూడా అంతే. నీళ్లలోకి దిగే పనివాళ్ల కోసం, కంప్యూటర్లు లేని రోజుల్లో, ప్రాణం దాని మీదే ఆధారపడి ఉండగా చేసిన వాచీల సైజు అది. 1962 నుంచి 1989 దాకా నడిచిన 5513 సబ్‌మెరినర్ 40 మి.మీ. దగ్గర ఆగింది, అదే దాదాపు ఐదు దశాబ్దాలు ప్రమాణంగా నిలిచింది. 1953లోనే వచ్చిన బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాదమ్స్ ఇంచుమించు 42 మి.మీ. ఉండేది, మసక నీళ్లలో అంకెలు పెద్దగా కనబడాలని ఫ్రెంచి నౌకాదళ ఈతగాళ్లు కోరిన వాచీ అది. ఆ కాలంలో అదే పెద్దది.

వీటన్నిటినీ మించినది పానెరాయ్. 1930ల చివర్లో ఇటలీ నౌకాదళం కోసం చేసిన రేడియోమీర్ 47 మి.మీ. దానికో సాదా కారణం ఉంది: లోపల పెట్టింది జేబు గడియారం మెషిన్. పైగా దాన్ని ఒట్టి చేతికి కట్టుకునేవాళ్లు కాదు, రబ్బరు డైవింగ్ సూటు మీద పొడుగాటి తోలు పట్టాతో బిగించేవాళ్లు. తర్వాత ఈజిప్టు నౌకాదళానికి చేసినది 60 మి.మీ. దాకా పోయింది. అది మణికట్టు కొలత కాదు, సూటు చెయ్యి కొలత. ఈ తేడా గుర్తుంచుకుంటే తర్వాత జరిగినదంతా సులువుగా అర్థమవుతుంది.

1993లో రెండు సంఘటనలు జరిగాయి. పానెరాయ్ తన సైనిక వాచీలను మామూలు జనానికి 44 మి.మీ. కేసుల్లో అమ్మడం మొదలుపెట్టింది. అదే ఏడాది ఆడెమార్ పిగే 42 మి.మీ. రాయల్ ఓక్ ఆఫ్‌షోర్ తెచ్చింది, దాని బరువూ బండతనమూ చూసి రాక్షసి అన్నారు. హాలీవుడ్ నటుడు సిల్వెస్టర్ స్టాలోన్ 1996లో వచ్చిన డేలైట్ సినిమాలో పానెరాయ్ పెట్టుకున్నాడు. మరుసటి ఏడాదే ఆ కంపెనీని పెద్ద లగ్జరీ గ్రూపు కొనేసింది. సూటు మీద కట్టుకునే వస్తువు ఒట్టి చేతి మీదికి వచ్చి కూచుంది. అప్పటికే సముద్రానికి దానితో పని తీరిపోతోంది. 1983 నుంచే డైవ్ కంప్యూటర్లు బజారులో ఉన్నాయి. లోతు, సమయం, పైకి ఎప్పుడు రావాలో అన్నీ అవే లెక్కగట్టి చెబుతాయి. పని పోయిన చాలా వస్తువులు చిక్కిపోయి మాయమవుతాయి. డైవర్ వాచీ మాత్రం పని పోయాకే బలిసింది. సౌకర్యంగా ఉండాలనే పట్టింపు ఇంక ఎవరికీ లేకపోవడమే దానికి కారణమనుకుంటాను.

లోతు పందెం కూడా నడిచింది, దాన్ని తీసిపారేయలేం. ప్రతి పది మీటర్ల నీటికీ ఒక వాతావరణ పీడనం చేరుతుంది. గ్లాసు అడ్డుకొలత 30 మి.మీ. అనుకుంటే, 300 మీటర్ల లోతున దాని మీద పడే బరువు రెండు క్వింటాళ్లు దాటుతుంది. 3,900 మీటర్ల దగ్గర అది ఇరవై ఏడు క్వింటాళ్లకు పైమాటే. అంత బరువు మోయాలంటే గ్లాసు మందం కావాలి, వెనక మూత మందం కావాలి, వాటిని పట్టుకునే కేసూ మందం కావాలి. 2008లో వచ్చిన రోలెక్స్ డీప్‌సీ అందుకే 44 మి.మీ. వెడల్పు, 17.7 మి.మీ. మందం. 2022లో వచ్చిన డీప్‌సీ చాలెంజ్ 11,000 మీటర్లకు తట్టుకుంటుంది, 50 మి.మీ. వెడల్పు, 23 మి.మీ. మందం. అదే ఏడాది ఒమేగా అల్ట్రా డీప్ 6,000 మీటర్లకు, 45.5 మి.మీ.తో వచ్చింది. ఇంజినీరింగ్‌గా చూస్తే అబ్బురమే. కానీ స్కూబా సిలిండర్లు కట్టుకుని మనిషి దిగిన రికార్డు లోతు, 2014లో ఎర్ర సముద్రంలో అహ్మద్ గబ్ర్ సాధించినది, 332 మీటర్లు. సరదా డైవింగ్‌కు హద్దు 40 మీటర్లు. డైవర్ వాచీ అనిపించుకోవడానికి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6425 అడిగే కనీస లోతు 100 మీటర్లే. విశాఖ రుషికొండ దగ్గర నీళ్లలోకి దిగేవాళ్లకు అది చాలు, మిగులుతుంది కూడా.

నాలుగు మిల్లీమీటర్లే కదా అంటారు దుకాణాల్లో. ఒక చిన్న లెక్క వేసి చూడండి. 40 మి.మీ. వెడల్పు, 12.5 మి.మీ. మందం ఉన్న కేసు నుంచి 44 వెడల్పు, 17.7 మందం ఉన్న కేసుకు వెళ్తే ఘనపరిమాణం 1.7 రెట్లవుతుంది. వెడల్పు పదో వంతే పెరిగింది, లోహం మాత్రం మూడొంతుల దాకా పెరిగింది. చైనుతో కలిపి డీప్‌సీ రెండు వందల గ్రాములు దాటుతుంది. పగలంతా ఎడమ చేతికి అంత బరువు వేలాడుతుంటే ఎలా ఉంటుందో బైకు హ్యాండిల్ పట్టుకుని మలక్‌పేట నుంచి నాంపల్లి దాకా ట్రాఫిక్‌లో వచ్చినవాడికి తెలుస్తుంది. క్లచ్ నొక్కిన ప్రతిసారీ వాచీ పక్కన తిప్పే పిడి, అంటే క్రౌన్, చేతి వెనక గుచ్చుకుంటుంది.

అయితే పెద్దవన్నీ మోయలేనివనీ చిన్నవన్నీ హాయిగా ఉంటాయనీ చెప్పే వర్గం కూడా తప్పు లెక్కే వేస్తోంది. 2022లో వచ్చిన యాపిల్ వాచ్ అల్ట్రా పొడవు 49 మి.మీ. హైటెక్ సిటీలోనూ అబిడ్స్‌లోనూ దాన్ని పొద్దున్నుంచి రాత్రిదాకా, నిద్రలో కూడా పెట్టుకుంటున్నారు. బరువైందని ఫిర్యాదు పెద్దగా వినం. కారణం, అది టైటానియం. పట్టా లేకుండా 61 గ్రాములు. పైగా దానికి కేసు దాటి పొడుచుకొచ్చే కొమ్ముల్లేవు. సీకో ఎస్‌కేఎక్స్ 007 ఇంకో ఉదాహరణ. 1996 నుంచి 2019 దాకా చేశారు, వెడల్పు 42 మి.మీ., అయినా సన్న చేతులవాళ్లు కూడా ఏళ్ల తరబడి పెట్టుకున్నారు. పట్టా తగిలించే కొమ్ములను, వాటినే లగ్గులంటారు, సీకో పొట్టిగా చేసి కిందికి వంచింది. ఈ కొస లగ్గు నుంచి ఆ కొస లగ్గు దాకా 46 మి.మీ. మాత్రమే. 2018 ఒమేగా సీమాస్టర్ డైవర్ 300ఎం కూడా 42 మి.మీ.లే, కానీ లగ్గు నుంచి లగ్గుకు దాదాపు 50. అట్టపెట్టె మీద ఒకే అంకె, చేతి మీద రెండు వేరు వాచీలు.

కాబట్టి మొత్తం చర్చలో అందరూ పట్టుకు వేలాడే అడ్డుకొలతకు ఉన్న విలువ తక్కువ. లగ్గుల పొడవు, మందం, బరువు, చైను సర్దుబాటు, ఈ నాలుగూ తేలుస్తాయి. మణికట్టు చుట్టుకొలత ఆరున్నర అంగుళాలున్న మనిషికి చేతి పై భాగంలో చదునుగా ఉండే జాగా సుమారు 50 మి.మీ. లగ్గులు ఆ అంచు దాటితే వాచీ చేతి మీద కూచోదు, తేలుతుంది. చైను రెండు పక్కలా కిందికి దిగకుండా గాలిలో నిలబడుతుంది, వాచీ అటూ ఇటూ తిరుగుతుంటుంది. దుకాణంలో అద్దం ముందు చెయ్యి ముఖం దగ్గరికి ఎత్తి చూసుకుంటే ఇది తెలియదు, దగ్గరగా చూసిన వస్తువు ఎలాగూ పెద్దదిగానే కనిపిస్తుంది. ఫోన్ కెమెరాతో తీసిన ఫొటో మరీ మోసం. చెయ్యి కిందికి వేలాడేసి, నిలువుటద్దం ముందు నాలుగడుగుల దూరంలో నిలబడి చూడాలి.

మన వాతావరణానికి సంబంధించిన సంగతి ఒకటి స్విట్జర్లాండ్‌లో గీసే డిజైన్లలో సులువుగా కనబడదు. ఏప్రిల్ మధ్యాహ్నం మణికట్టు ఉబ్బుతుంది, ఏసీ గదిలోకి వెళ్తే తగ్గుతుంది. ఉదయం సరిగ్గా ఉన్న స్టీలు చైను రెండింటికల్లా బిగుసుకుని చర్మం మీద అచ్చు వేస్తుంది. బరువైన వాచీ తిరగకుండా ఉండాలంటే చైను బిగించాల్సిందే, బిగిస్తే ఎండకు ఊపిరాడదు. చిన్న వాచీకి ఈ గొడవ తక్కువ, వదులుగా ఉన్నా జారదు. కంపెనీలు దీన్ని ఆలస్యంగా పట్టించుకున్నాయి. పనిముట్లు లేకుండా కొక్కెం దగ్గరే కొద్దికొద్దిగా పొడవు మార్చుకునే ఏర్పాటు రోలెక్స్ గ్లైడ్‌లాక్‌లో ఉంది, టూడర్ టీ-ఫిట్‌లో ఉంది. నా లెక్కలో పదిహేనేళ్లుగా డైవర్ వాచీల్లో వచ్చిన అసలైన మెరుగుదల ఇదే. లోతు అంకెల్లో వచ్చినవేవీ దీనికి సాటిరావు. డైవింగ్ సూటు మీద కట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు హైదరాబాద్ ఎండకు ఇంకా బాగా పనికొచ్చింది.

ఇక బట్టలు. షేర్వానీ చేతులు మణికట్టు దగ్గర బిగువుగా దిగుతాయి. పెళ్లి సీజన్‌లో నాంపల్లి ఫంక్షన్ హాళ్ల ముందు కాసేపు నిలబడితే 15 మి.మీ. మందం ఉన్న వాచీ షేర్వానీ చేతిని పైకి నెట్టేసి అక్కడే ఇరుక్కుపోవడం చూడొచ్చు. కొందరు కావాలనే అలా పెట్టుకుంటారనుకోండి, కనబడటం కోసమే కొన్నది దాచుకోవడం దేనికి? వాళ్ల సంగతి వేరు. ఆఫీసుకు ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుని వెళ్లేవాడికి మాత్రం కఫ్ గుండీ పట్టదు. 12 మి.మీ. లోపు వాచీ కఫ్ కింద జారిపోతుంది, ఆ పైన ప్రతి మిల్లీమీటరూ గుండీతో తగువే. నీళ్ల సంగతికొస్తే ఈ ఊళ్లో డైవర్ వాచీ నిజంగా చేసే పని చిన్నది. వానలో బండి నడపడం, నమాజుకు ముందు వుజూలో మోచేతుల దాకా నీళ్లు పోసుకోవడం, భోజనమయ్యాక కుళాయి కింద చేతులు కడుక్కోవడం. వీటికి తోలు పట్టా పాడవుతుంది, స్టీలు చైను నిలుస్తుంది. జనం డైవర్ వాచీని ఇష్టపడటానికి అసలు కారణం ఇదేననీ, అది మంచి కారణమనీ నా అభిప్రాయం. కాకపోతే దానికి 44 మి.మీ. అక్కర్లేదు.

ఇక్కడ మన ఇంజినీర్ల గొప్ప ఒకటి చెప్పుకోవాలి. ప్రపంచమంతా 44కు పరుగెత్తుతున్న కాలంలోనే, 2002లో, హోసూరు నుంచి టైటాన్ ఎడ్జ్ వచ్చింది. మొత్తం మందం 3.5 మి.మీ. లోపలి మెషిన్ 1.15 మి.మీ. అది డైవర్ వాచీ కాదు, పోలిక సరైంది కూడా కాదు. అయినా రోజూ పెట్టుకునే వస్తువు ఎలా ఉండాలన్న ప్రశ్నకు ఆ ఏడు వచ్చిన జవాబుల్లో అది ఒకటి, దాన్ని ఎవరూ డైవర్ వాచీల చర్చలోకి తీసుకురారు.

డైవర్ వాచీల సైజులు తగ్గుతున్నాయన్న మాట 2018 నుంచి గట్టిగా వినబడుతోంది. దానికి ముందు టూడర్ కథ చూడాలి. 2012లో 41 మి.మీ. బ్లాక్ బే తెచ్చారు. 2016లో సొంత మెషిన్ పెట్టేసరికి మందం దాదాపు 15 మి.మీ.కు పోయింది, కొనేవాళ్లు గొణిగారు. 2018లో 39 మి.మీ. వెడల్పు, 11.9 మి.మీ. మందంతో ఫిఫ్టీ ఎయిట్ వచ్చింది, అది విపరీతంగా అమ్ముడుపోయింది. 2023లో 37 మి.మీ. ఫిఫ్టీ ఫోర్ వచ్చింది. అంటే డెబ్బై ఏళ్ల కిందటి సబ్‌మెరినర్ సైజుకు తిరిగొచ్చారు. బ్లాంక్‌పాన్ 2007లో 45 మి.మీ.గా నిలబెట్టిన ఫిఫ్టీ ఫాదమ్స్‌కు 2024లో 42.3 మి.మీ. తమ్ముణ్ని తెచ్చింది. సబ్‌మెరినర్ మాత్రం తిరకాసు. 2010లో 40 మి.మీ. అంకె మార్చకుండానే లగ్గులు వెడల్పు చేసి వాచీని పలకలా కనిపించేలా చేశారు. 2020లో అంకెను 41కి పెంచి, లగ్గులు సన్నం చేశారు. కాగితం మీద పెరిగినది చేతి మీద తగ్గింది. అంకెలు చూసి కొనేవాళ్లు ఈ ఒక్క వాచీని గుర్తుంచుకున్నా చాలు.

మనవాళ్లకు ఇంకా దగ్గరి సాక్ష్యం ఫేవర్ లూబా. ఈ కంపెనీ 1968లో లోతును యంత్రంతోనే కొలిచే బాథీ అనే చేతి వాచీని చేసింది. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల తుఫానులో కంపెనీ చేతులు మారుతూ పోయింది, 2011లో టైటాన్ కొనుక్కుంది. టైటాన్ హయాంలో బాథీకి వారసుడిగా వచ్చిన వాచీ 48 మి.మీ. తాతలు చొక్కా కింద దాచుకున్న పేరు మనవళ్ల చేతి మీద టీ కప్పు సాసరంత అయింది. అది నిలవలేదు, టైటాన్ ఆ పేరును వదులుకుంది. మరో భారతీయ యాజమాన్యం కింద 2024లో మళ్లీ వచ్చినప్పుడు డీప్ బ్లూ డైవర్లను 39 మి.మీ.కు కుదించారు. ఒకే పేరు మీద, ఎనిమిదేళ్ల లోపు, తొమ్మిది మిల్లీమీటర్ల వెనకడుగు. బజారు ఏం చెప్పిందో దీన్నిబట్టే తెలుస్తుంది.

కానీ ఇది ఒకవైపు గాలే అనుకోవద్దు. 37 చిన్నదయ్యేవాళ్లు ఉన్నారు. ఏడున్నర అంగుళాల మణికట్టు మీద అది అరువు తెచ్చుకున్నట్టుంటుంది. చత్వారం వచ్చినవాళ్లకు పెద్ద డయల్ నిజంగానే మేలు, ఆ వాదాన్ని కుర్రవాళ్లు ఎగతాళి చేయడం తేలిక. పాత సైజు కాబట్టి పవిత్రం అన్న కొత్త మూఢనమ్మకం కూడా పుట్టింది. 39 అని రాసి 14 మి.మీ. మందంతో, పొడుగు లగ్గులతో అమ్మే వాచీలు దాని మీదే బతుకుతున్నాయి. ఆడవాళ్ల సంగతి మరీ ఆలస్యం. 40 మి.మీ. మగవాళ్లకు, 28 మి.మీ. రాళ్ల వాచీ ఆడవాళ్లకు అని దశాబ్దాలుగా పంచిపెట్టారు. 37, 38 మి.మీ. డైవర్లు వచ్చాక ఒకే వాచీని భార్యాభర్తలు మార్చి మార్చి పెట్టుకునే వీలు ఏర్పడింది. కంపెనీలు ఇంకా దాన్ని సరిగ్గా ప్రచారం చేసుకోవడం లేదు, బహుశా రెండు అమ్మాల్సింది ఒకటే అమ్ముడవుతుందని.

రోజూ పెట్టుకునే వస్తువన్నాక దాన్ని ఎవరు విప్పుతారన్నది కూడా సౌకర్యం లెక్కలోకే వస్తుంది. చైను లింకులు తీయించుకోవడానికి చాదర్‌ఘాట్, కోఠి సందుల్లో కంటికి భూతద్దం తగిలించుకుని కూచున్న పనివాళ్లకు మించినవాళ్లు దొరకరు. స్క్రూ లింకులైతే నిమిషాల పని. వెనక మూత విప్పడం మాత్రం వేరే సంగతి. 300 మీటర్లు అన్న మాట నిలబడేది మూతకూ క్రౌన్‌కూ ఉన్న రబ్బరు రింగుల మీద. ఎండకు, చెమటకు, సబ్బుకు అవి గట్టిపడతాయి. మూత ఒకసారి తీశాక కొత్త రింగు వేసి, గ్రీజు రాసి, ప్రెషర్ మెషిన్‌లో పెట్టి చూడకపోతే డయల్ మీద ఎంత లోతు రాసి ఉన్నా అది చినుకులకు కూడా పూచీపడదు. ఆ మెషిన్ ఉందా అని ముందే అడగండి. లేదంటే అక్కడ చైను వరకే పని చేయించుకోండి, క్రౌన్ తిప్పి బిగించారో లేదో మీరే చూసుకోండి.